పర్మిట్ మీద 20.9 అని ఉంది, మీటరు మాత్రం డ్రాయర్‌లో ఉంది

సీ_షిఫ్ట్_కెమిస్ట్ | సోమవారం రాత్రి 11:40

అందరికీ నమస్కారం. నేను ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడి రసాయనాలు) యూనిట్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జిని. ఎనిమిదేళ్ల సర్వీసు. కంపెనీ పేరు చెప్పను. పోయిన గురువారం జరిగింది చెప్పి మీ సలహా అడుగుదామని రాస్తున్నాను. ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

మా దగ్గర 3 కిలోలీటర్ల గ్లాస్‌లైన్డ్ రియాక్టర్ (లోపల గాజు పూత ఉన్న ట్యాంకు) ఒకటి ప్రొడక్ట్ మారుతున్నందుకు క్లీనింగ్‌లో ఉంది. మీథనాల్‌తో రెండుసార్లు, నీళ్లతో మూడుసార్లు కడిగాం. మ్యాన్‌హోల్ తెరిచి రెండు గంటలైంది. అయినా అడుగున తెల్లటి పొర కనిపిస్తోందని క్యూఏ (నాణ్యత చూసే) వాళ్లు ఓకే చెయ్యలేదు. మా హెల్పర్ "పది నిమిషాల పని సార్, దిగి తుడిచేస్తా" అన్నాడు. వెసెల్ ఎంట్రీ పర్మిట్ (ట్యాంకులోకి దిగడానికి ఇచ్చే అనుమతి కాగితం) నేనే రాశాను. ఆక్సిజన్ అని ఉన్న గడిలో 20.9 అని, అంటే మామూలు గాలిలో ఉండే శాతం, వేశాను. ఆ అంకె నేను కొలిచింది కాదు. ముందు వారం పర్మిట్‌లో అదే ఉంది, అంతకు ముందు దాంట్లోనూ అదే. గ్యాస్ మీటరు సేఫ్టీ రూమ్ డ్రాయర్‌లో ఉంది.

అతను తాడు నిచ్చెన మీద మూడో మెట్టు దిగాడు. తల లోపలికి వెళ్లిన కాసేపటికే చేతులు వదిలేశాడు. అరవలేదు, దగ్గలేదు. బెల్టు కట్టుకోనిదే దింపనని మా ఫిట్టర్ పట్టుబట్టబట్టి తాడు బయట ఉంది. హెల్పర్ ఇంకా మ్యాన్‌హోల్ దగ్గరే ఉన్నాడు కాబట్టి ముగ్గురం కలిసి భుజాలు పట్టి లాగేశాం. రెండు నిమిషాలకు కళ్లు తెరిచి "ఏమైంది?" అన్నాడు. నైట్రోజన్ వాల్వ్ కట్టేసే ఉంది కానీ పాస్ అవుతోందని, అంటే లోపల్లోపల లీకవుతోందని తర్వాత తెలిసింది.

రిపోర్టులో 'కళ్లు తిరిగి పడిపోయాడు' అని రాశారు. అది అబద్ధం. నేనేం చెయ్యాలి?

సేఫ్టీ_14ఏళ్లు | మంగళవారం ఉదయం 6:15

తమ్ముడూ, ముందుగా ఆ ఫిట్టర్‌కి నా తరఫున దండం పెట్టు.

అరవలేదు, దగ్గలేదు అన్నావు చూడు, నైట్రోజన్ అంటే అదే. మనకు ఊపిరాడటం లేదని తెలిసేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నందుకు. నైట్రోజన్‌లో మనిషి గాలి పీలుస్తూ వదులుతూనే ఉంటాడు కాబట్టి అది పేరుకోదు. ఉక్కిరిబిక్కిరి అవ్వడు, భయం కూడా వెయ్యదు. ఆక్సిజన్ బాగా తక్కువున్న చోట ఒకటి రెండు శ్వాసలకే స్పృహ పోతుంది. రంగు లేదు, వాసన లేదు. పైగా ఊరంతా ఉన్న గాలిలో 78 శాతం అదే కావడంతో 'నైట్రోజనే కదా' అనుకుంటారు. మన ప్లాంట్లలో మీథనాల్ లాంటి సాల్వెంట్‌కి నిప్పు అంటకుండా కాపాడేది అదే, మనిషిని తీసేదీ అదే.

రెండో సంగతి. వాల్వ్ కట్టేస్తే లైన్ ఆగినట్టు కాదు. ప్రతి వాల్వూ ఏదో ఒక రోజు పాస్ అవుతుంది. మనిషి దిగే వెసెల్‌కి వచ్చే ప్రతి లైన్‌నీ ఫ్లాంజ్ (బోల్టుల జాయింటు) దగ్గర విప్పెయ్యాలి, లేదా బ్లైండ్ (దారి మూసేసే ఇనుప పలక) వెయ్యాలి. నైట్రోజన్, ఆవిరి, సాల్వెంట్, వెంట్ హెడర్ (రియాక్టర్లన్నిటి ఆవిర్లూ బయటికి పోయే ఉమ్మడి గొట్టం), అన్నీ. వెంట్ హెడర్‌ని చాలామంది మర్చిపోతారు. పక్క రియాక్టర్ ఆవిర్లు ఆ దారినే వస్తాయి. ఆజిటేటర్ (లోపల కలిపే రెక్కలు) మోటారుకు కరెంటు తీసేసి తాళం వెయ్యాలి. ఆ తాళం చెవి దిగేవాడి జేబులో ఉండాలి, నీ టేబుల్ మీద కాదు.

మీటరు పెట్టే వరస కూడా ముఖ్యం. మొదట ఆక్సిజన్, తర్వాత మండే ఆవిర్లు, ఆ తర్వాత విషవాయువులు. ఎందుకంటే మామూలు మీటర్లలో మండే ఆవిర్లు పట్టే సెన్సర్ పనిచెయ్యాలంటేనే ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్ నిండిన ట్యాంకులో ఎంత మీథనాల్ ఆవిరి ఉన్నా అది సున్నా చూపించొచ్చు. పైన, మధ్యన, అడుగున మూడుచోట్లా గొట్టం దింపి చూడాలి. గొట్టం పొడుగుంటే గాలి మీటరు దాకా రావడానికి టైం పడుతుంది. అప్పటిదాకా ఓపిక పట్టాలి.

ఆక్సిజన్ 19.5కి తగ్గితే ప్రవేశం లేదు, 23.5 దాటినా లేదు. అలాగని 19.6 ఉంటే సరే అనుకోకు. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు. అంటే 0.1 శాతం తగ్గిందంటే అక్కడ దాదాపు 0.5 శాతం ఇంకేదో గ్యాస్ వచ్చి చేరిందని అర్థం. అది 5,000 పీపీఎం, అంటే పది లక్షల్లో 5,000 వంతులు. వచ్చింది నైట్రోజన్ అయితే ఒక సంగతి, విషం అయితే చాలా దూరం వెళ్లిపోయినట్టు. అందుకే ఎందుకు తగ్గిందో తెలియకుండా ఎవరినీ దింపకు.

హెల్పర్_పరవాడ | మంగళవారం మధ్యాహ్నం 1:05

నేను కాంట్రాక్ట్ లేబర్. ఆరేళ్ల నుంచి చేస్తున్నా. మీరు రాసినవి బాగున్నాయి సార్, కానీ మా వైపు సంగతి కూడా వినండి.

'దిగుతావా?' అని అడిగేది మా కాంట్రాక్టర్ మనిషి. దిగను అంటే ఆ రోజు ఏమీ అనడు. రేపు గేటు దగ్గర 'ఇవాళ నీకు పని లేదు' అంటాడు. రోజు కూలీ పోతుంది. అందుకే మేమే ముందుకెళ్లి 'నేను దిగుతా సార్' అంటాం. ధైర్యం ఉండి కాదు.

ఇంకోటి. మా లైన్‌లో సగం మంది ఒడిశా, బీహార్ వాళ్లు. బోర్డులు ఇంగ్లీషులో, తెలుగులో ఉంటాయి. పొద్దున టూల్ బాక్స్ టాక్ అని ఐదు నిమిషాలు చెప్పి సంతకం పెట్టించుకుంటారు. పక్కవాడు పెట్టాడని వాళ్లూ పెడతారు.

ఇన్నేళ్లలో మీటరు మీద అంకె నాకు ఎవరూ చూపించలేదు. దిగేది నేను.

గోదావరి_గట్టు | మంగళవారం సాయంత్రం 7:30

నేను ఫ్యాక్టరీ మనిషిని కాదు, వ్యవసాయం. మా చిన్నప్పుడు పూడిక తియ్యడానికి పాడుబడ్డ బావిలో దిగాలంటే మా తాత ముందు లాంతరు దించేవాడు. అడుగుకి పోకుండానే దీపం కొండెక్కితే ఆ రోజుకి పని బంద్. వేప కొమ్మలు కట్టి పైకీ కిందకీ ఊపి, కాసేపు ఆగి మళ్లీ దించేవాడు. ఏ మీటరూ లేని రోజుల్లో చదువురాని మనిషి పాటించిన పద్ధతి ఇది. ఇన్ని డిగ్రీలున్న చోట ఎందుకు జరగడం లేదో నాకు అర్థం కావడం లేదు.

సేఫ్టీ_14ఏళ్లు | మంగళవారం రాత్రి 9:10

గట్టు గారూ, మీ తాతగారు చేసిందే మేం చెబుతున్నది. ముందు కొలువు, గాలి మార్చు, మళ్లీ కొలువు, ఆ తర్వాతే దిగు.

అయితే ఇది చదివి ఎవరైనా లాంతరు పట్టుకెళతారేమోనని భయం. సాల్వెంట్ ట్యాంకులో, సెప్టిక్ ట్యాంకులో దీపం దించితే అదే నిప్పురవ్వ అవుతుంది. మీథేన్ ఉంటే పేలుతుంది. ఇక దీపం చక్కగా వెలుగుతున్న చోట కూడా మనిషిని పడగొట్టేంత హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండొచ్చు. బావుల దగ్గర కూడా ఇప్పుడు మీటరు అద్దెకు తెచ్చుకోవడమే మంచిది.

ఈటీపీ_కెమిస్ట్ | మంగళవారం రాత్రి 10:25

హైడ్రోజన్ సల్ఫైడ్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. నేను వ్యర్థజలాల ప్లాంటులో పనిచేస్తాను. మా ఈక్వలైజేషన్ ట్యాంకు (వచ్చిన వ్యర్థజలాలు కలిసే ట్యాంకు) దగ్గర కుళ్లిన గుడ్ల వాసన మామూలే. కొత్తగా వచ్చిన వాళ్లు 'వాసన తగ్గిందక్కా, ఇప్పుడు దిగొచ్చు' అంటారు. వాసన తగ్గడం గ్యాస్ తగ్గడం కాదు. 100 పీపీఎం దగ్గరకు వచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. అంతకన్నా బాగా పెరిగితే మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. 2020 జూన్‌లో పరవాడ ఫార్మాసిటీలో ఇద్దరి ప్రాణం తీసింది ఈ గ్యాసే.

మా అడుగు బురద పైకి ప్రశాంతంగానే ఉంటుంది. కాలు పెట్టి కలిపితే అందులో చిక్కుకున్న గ్యాస్ ఒక్కసారిగా లేస్తుంది. దిగక ముందు మీటరు సున్నా చూపించినా, దిగాక పది నిమిషాలకు కూడా సున్నాయే చూపిస్తుందని నమ్మకం లేదు. మీటరు మనిషి ఛాతీ మీద, ముక్కుకి దగ్గరగా, పని అయ్యేదాకా ఆన్‌లోనే, గ్యాస్ వస్తే మోగేలా ఉండాల్సిందే.

నేను చేరిన మొదటి ఏడాది, వేరే యూనిట్‌లో, పంపు ఇరుక్కుందని ఒకతను దిగి పడిపోయాడు. అతని కోసం ఇంకొకతను, ఆ ఇద్దరి కోసం మూడో మనిషి దిగారు. ముగ్గురూ పోయారు. మూడో మనిషి నాతోపాటు ఇండక్షన్‌లో పక్క కుర్చీలో కూర్చున్నవాడు. ఇంతకంటే రాయలేను.

జుబైల్_ఫిట్టర్ | బుధవారం ఉదయం 4:50

సౌదీ నుంచి. మాది సిరిసిల్ల వైపు. పదకొండేళ్లుగా షట్‌డౌన్ పనులు చేస్తున్నా.

అక్కా, మీరు రాసింది చదివి 2015 నవంబరులో కేరళ కోజికోడ్‌లో జరిగింది గుర్తొచ్చింది. మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు ఆంధ్ర కూలీలు పడిపోతే, అటుగా పోతున్న ఆటో డ్రైవర్ ఒకతను బండి ఆపి వాళ్ల కోసం దిగాడు. ముగ్గురూ చనిపోయారు. భాష తెలియని మనుషుల కోసం ప్రాణం ఇచ్చాడు. అలాంటి మంచి మనిషి దిగకుండా ఆపగలిగేది ముందే ఉన్న తాడూ, ముక్కాలి స్టాండూ, వించీ మాత్రమే.

ఇక్కడ మా సైటులో మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషి కూర్చుంటాడు. హోల్ వాచ్ అంటాం. అతనికి వేరే పని ఉండదు. నీళ్లు తెచ్చిపెట్టమని కూడా అడగకూడదు. అతను లేవాలంటే లోపలున్న వాళ్లందరూ ముందు బయటికి రావాలి. లోపలికి పోయేవాడు తన కార్డు బయట బోర్డుకు తగిలిస్తాడు. ఎన్ని కార్డులుంటే లోపల అంతమంది.

గ్యాస్ టెస్ట్ దిగేవాడి ముందరే చేస్తారు. అంకె నాకు చూపించి, నేను చూశాక పర్మిట్ మీద రాస్తారు. నేను మా ఊళ్లో ఉన్నప్పుడు ఇట్లా అడగొచ్చని కూడా తెల్వదు. హెల్పర్ తమ్ముడూ, నువ్వు రాసిన చివరి మాట దగ్గరే అన్నీ మొదలవ్వాలి.

ఇంకొక్క మాట. పైపు వెల్డింగ్‌కి లోపల ఆర్గాన్ నింపుతాం. అది గాలి కంటే బరువు, కిందనే ఉండిపోతుంది. జాయింట్ ఎట్లుందో చూద్దామని పైపులో తల పెట్టినోడు అక్కడికక్కడే పోయిన సంగతులు విన్నా. ఒళ్లంతా దిగక్కర్లేదు, తల ఒక్కటి పెట్టినా లోపలికి పోయినట్టే.

ప్రొడక్షన్_హెడ్ | బుధవారం మధ్యాహ్నం 2:20

నాకు ఈ చర్చలో ఒక అభ్యంతరం ఉంది. నేను ప్రొడక్షన్ మనిషిని. బ్లైండ్లు, వించీ, హోల్ వాచ్, అన్నీ సరే. కానీ ఇవన్నీ చేస్తే ఒక ఎంట్రీకి నాలుగు గంటలు పోతాయి. డిస్పాచ్ తేదీ దగ్గర పడ్డప్పుడు ఎవరో ఒకరు వీటిలో ఒకటి వదిలేస్తారు. వదిలేసేది చెడ్డవాడే కానక్కర్లేదు. కెమిస్ట్ గారు చెడ్డవారా?

కాబట్టి నా ప్రశ్న వేరు. అసలు ఎందుకు దిగారు? మా ప్లాంటులో మూడేళ్ల కిందట ఒక ఏడాది పర్మిట్లన్నీ ముందేసుకుని ప్రతి ఎంట్రీకి కారణం రాశాం. ఎక్కువ భాగం క్లీనింగ్. మిగతావి లోపల పడ్డ బోల్టు తియ్యడం, లైనింగ్ చూడటం. క్లీనింగ్‌కి స్ప్రే బాల్స్ (లోపల అన్నివైపులా చిమ్మే గుండ్రటి నాజిల్స్) పెట్టించాం, నీడ పడే మూలలకు నాజిల్ కోణం మార్చాం, సాల్వెంట్‌ని లోపలే మరిగించి కడిగే (రీఫ్లక్స్) టైం పెంచాం. బోల్టులకు పొడుగు కర్ర చివర అయస్కాంతం. లైనింగ్ చూడటానికి కెమెరా. ఇప్పుడు నెలకు ఒక ఎంట్రీ ఉంటే ఎక్కువ. ఆ ఒక్కదానికి నాలుగు గంటలు ఇవ్వడానికి నాకు ఇబ్బంది లేదు.

దిగడం మానేస్తేనే దిగేవాడి ప్రమాదం పోతుంది. మాస్కు, బెల్టు అన్నీ ఆ తర్వాత.

సేఫ్టీ_14ఏళ్లు | బుధవారం మధ్యాహ్నం 3:00

సార్, మీరు చెప్పింది అక్షరాలా నిజం. నేను మొదటి పోస్టులోనే రాయాల్సింది. ప్రమాదాన్ని తీసెయ్యగలిగితే తీసెయ్యడం, కుదరకపోతే వేరే పద్ధతికి మారడం, ఆ తర్వాత యంత్రాలతో అడ్డుకట్ట, ఆ తర్వాత పర్మిట్లూ శిక్షణా, అన్నిటికన్నా చివర మాస్కు. మేం ట్రైనింగుల్లో ఈ వరస చెప్పి, ఆచరణలో చివరి నుంచి మొదలుపెడతాం.

మాస్కు అన్నాను కాబట్టి ఇది కూడా. క్యానిస్టర్ మాస్కు గాలిని వడకడుతుంది, అంతే. ఆక్సిజన్ ఇవ్వదు. నైట్రోజన్ ట్యాంకులో అది ఉన్నా లేనట్టే. గాలి బయటి నుంచి వచ్చే ఎయిర్‌లైన్ మాస్కు, లేదా వీపు మీద సిలిండర్ ఉన్న సెట్ కావాలి.

పాత_ఇన్‌స్పెక్టర్ | గురువారం ఉదయం 8:40

ఫ్యాక్టరీల తనిఖీ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మీరందరూ మంచి పద్ధతులుగా రాసినవాటిలో చాలా భాగం చట్టమే. 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ఏమనేదంటే, ప్రమాదకర వాయువులుండే అవకాశమున్న ట్యాంకు, గుంట, గొట్టం లాంటివాటిలోకి దిగాలంటే, అర్హత ఉన్న వ్యక్తి తానే స్వయంగా పరీక్షించి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. లేదా దిగే మనిషి తగిన శ్వాస పరికరం వేసుకుని బెల్టుకు తాడు కట్టుకోవాలి, ఆ తాడు రెండో కొస బయట ఒక మనిషి చేతిలో ఉండాలి. లోపలికి తీసుకెళ్లే దీపం 24 వోల్టులు దాటకూడదని 36ఎ సెక్షన్ చెప్పేది. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో వృత్తిపర భద్రత, ఆరోగ్యం కోడ్ అమల్లోకి వచ్చింది. దానిలో 14వ సెక్షన్ హెల్పర్ గారి కోసం చెబుతున్నాను. ప్రాణానికో ఒంటికో ముప్పు దగ్గర్లో ఉందని కార్మికుడికి సహేతుకమైన అనుమానం వస్తే యజమానికి నేరుగా గానీ సేఫ్టీ కమిటీ ద్వారా గానీ చెప్పవచ్చు, అదే సమయంలో తనిఖీ అధికారికీ చెప్పవచ్చు. కాంట్రాక్టరు అనుమతి అక్కర్లేదు.

కెమిస్ట్ గారూ, మీ 20.9 గురించి నాకు బాధగా ఉంది. ఎందుకంటే నా సర్వీసంతా ఇలాంటి అంకెలే చూశాను. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర స్టైరీన్ ఆవిర్లు ఊరి మీద పడి 12 మంది చనిపోయారు. ఆ ట్యాంకుకు ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ఉంది, కానీ అడుగు భాగంలో. వేడి పెరిగింది పైన. రిజిస్టరులో అంకె మామూలుగానే ఉంది. సైరన్లూ ఉన్నాయి, మోగించలేదు. కొలవకుండా రాసిన అంకె, తప్పు చోట కొలిచిన అంకె, రెండూ మనిషిని ఒకేలా నమ్మిస్తాయి.

మీ రిపోర్టు మార్చండి. సంతకం పెట్టింది మీరే కాబట్టి మీరు చెబితేనే దానికి విలువ. నైట్రోజన్ అని రాయకపోతే, అదే లైన్ మీద పక్క రియాక్టర్‌కి కూడా అలాంటి వాల్వే ఉండొచ్చన్న సంగతి ఎవరూ చూడరు.

హెల్పర్_పరవాడ | గురువారం మధ్యాహ్నం 1:15

సార్, ఒక ప్రశ్న. నా పక్కవాడు లోపల పడిపోతే, తాడు కూడా లేకపోతే, నేనేం చెయ్యాలి? చూస్తూ ఊరుకోలేం కదా.

సేఫ్టీ_14ఏళ్లు | గురువారం మధ్యాహ్నం 1:50

దిగకు. కష్టమైన మాట అని నాకు తెలుసు. గట్టిగా అరువు, ఎమర్జెన్సీ బటన్ నొక్కించు. బ్లోయర్ గొట్టం ఉంటే మ్యాన్‌హోల్‌లోకి దించి స్వచ్ఛమైన గాలి కొట్టించు, ఆక్సిజన్ సిలిండర్ మాత్రం ఎప్పుడూ వదలకూడదు, అగ్గి పుడుతుంది. సిలిండర్ సెట్ వేసుకోవడం వచ్చినవాడు వచ్చేదాకా వేరేవాళ్లను కూడా దిగనివ్వకు, అవసరమైతే పట్టుకుని ఆపు. నువ్వు బయట ఉంటేనే అతను ఎక్కడ పడ్డాడో, లోపల ఎంతమందో చెప్పగలవు.

సీ_షిఫ్ట్_కెమిస్ట్ | మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 10:05

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యానికి క్షమించండి.

ఇన్‌స్పెక్టర్ గారు రాసిన మర్నాడే ప్లాంట్ హెడ్ దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 20.9 సంగతి కూడా. మెమో వచ్చింది, తీసుకున్నాను. రిపోర్టు మార్చారు. నైట్రోజన్ లైన్ మీదున్న రియాక్టర్లన్నీ చూస్తే ఇంకో రెండు వాల్వులు పాస్ అవుతున్నాయి. నాలుగు రియాక్టర్లకు బ్లైండ్ వెయ్యడానికి ఫ్లాంజే లేదు, పైపు నేరుగా వెల్డ్ చేసి ఉంది. ఆ నాలుగింటిలోకి షట్‌డౌన్‌లో పైపు మార్చేదాకా ప్రవేశం లేదని మ్యాన్‌హోల్ మీద హిందీ, ఒడియా, తెలుగు మూడింటిలో రాయించాం. ఒడియా మా హెల్పర్లలో ఒకతను రాసిచ్చాడు.

మేం తంటాలు పడ్డ ఆ తెల్లటి పొరకు స్ప్రే బాల్ పెట్టి చూశాం. ఇంకా పూర్తిగా పోవడం లేదు, నాజిల్ కోణం మీద పనిచేస్తున్నాం. ప్రొడక్షన్ హెడ్ గారూ, మీకు విడిగా మెసేజ్ పెడతాను.

మీటరు ఇప్పుడు ప్లాంట్ ఫ్లోర్ మీదే ఉంది. ప్రతి షిఫ్ట్ మొదట్లో టెస్ట్ గ్యాస్ పెట్టి మోగుతుందో లేదో చూస్తున్నాం. పర్మిట్‌లో గ్యాస్ గడి పక్కన ఇంకో గడి పెట్టించాను. అందులో దిగేవాడు తన కళ్లతో అంకె చూసి, తన చేత్తో రాయాలి. అంకెలు రాయడం అందరికీ వచ్చు, ఏ భాషవాడికైనా.

కాంట్రాక్టర్ విషయం ఇంకా తేలలేదు. దిగనన్న వాళ్ల పేర్లు ఆ రోజే సేఫ్టీ రిజిస్టరులో ఎక్కించి, వారం దాకా వాళ్ల హాజరు మేం చూస్తామన్నాం. ఆయన ఒప్పుకున్నాడు. ఎంతవరకు పాటిస్తాడో చూడాలి.

ఆ రోజు పడిపోయిన అతను డ్యూటీలోకి వచ్చాడు. నిన్న వేరే రియాక్టర్‌లో, బ్లైండ్లు అన్నీ వేశాక, ఒక ఎంట్రీ తప్పలేదు. దిగాల్సింది అతను కాదు, హోల్ వాచ్‌గా కూర్చోబెట్టాం. గొట్టం అడుగుదాకా దించి మీటరు చూపించాను. చాలాసేపు చూశాడు.

"సార్, 20.7 ఉంది. మీరు 20.9 ఉండాలన్నారు" అన్నాడు.

దిగేవాళ్లను వెనక్కి పంపి మళ్లీ లైన్లన్నీ వెతికాం. వెంట్ హెడర్ బ్లైండ్‌కి గ్యాస్కెట్ సరిగ్గా కూర్చోలేదు. విప్పి మళ్లీ వేసి, బ్లోయర్ అరగంట తిప్పి, మూడుచోట్లా చూశాం. 20.9 అని ఈసారి అతనే రాశాడు.